టోబీ, ఆండ్రూ, టామ్: అసలు స్పైడర్‌మ్యాన్ ఎవరనే గొడవలో మనం లెక్కలోకి తీసుకోని విషయాలు

[తెర నల్లగా ఉంటుంది. గాలి హోరు మాత్రమే వినిపిస్తుంది.]

2021 డిసెంబర్ 16. 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' అమెరికా కంటే ఒక రోజు ముందే మన దేశంలో విడుదలైంది. పొద్దున్నే మొదటి ఆటకి వెళ్ళాను. హాలంతా ఈలలు, కేకలు. ఒక్క డైలాగ్ సరిగ్గా వినపడితే ఒట్టు. క్లైమాక్స్‌లో లిబర్టీ విగ్రహం చుట్టూ కట్టిన పరంజా మీద నుంచి హీరో ప్రేయసి ఎమ్‌జే జారిపోయింది. ఈ సినిమా స్పైడర్‌మ్యాన్ టామ్ హాలండ్ దూకాడు. చెయ్యి అందేలోపే విలన్ గోబ్లిన్ వచ్చి అతన్ని తన్నుకుపోయాడు. అప్పుడు ఇంకొకడు దూకాడు, పాత సినిమాల స్పైడర్‌మ్యాన్. ఆండ్రూ గార్ఫీల్డ్.

అంతసేపూ గోల చేసిన హాలు ఒక్కసారిగా ఊపిరి బిగబట్టింది. ఎందుకంటే ఇలా దూకడం మేం 2014లో ఇతని సినిమాలోనే ఒకసారి చూశాం. ఆ రోజు అతను కాపాడలేకపోయాడు.

ఈసారి పట్టుకున్నాడు. ఎమ్‌జేని కింద దించి, బాగానే ఉన్నావా అని అడిగాడు. ఆ అమ్మాయి తలూపి, అతని మొహం చూసి, అదే ప్రశ్న తిరిగి అతన్ని అడిగింది. అతని కళ్ళు నిండిపోయాయి.

ఆట అయ్యాక పార్కింగ్‌లో మా వాళ్ళతో మొదలైన వాదన ఇవాళ్టికీ తెగలేదు. తెర మీద ఆ వేషం కట్టిన టోబీ మగ్వైర్, ఆండ్రూ, టామ్, ఈ ముగ్గురిలో ఎవరు అసలు స్పైడర్‌మ్యాన్? నాకు ఈ వాదనంటే ఇష్టం. కానీ మనం ఇందులో నటుడి ఖాతాలో వేస్తున్న చాలా పద్దులు అతనివి కావు. ఆ పద్దులు ఎవరెవరివో ఈ వీడియోలో ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

[తెర మీద: పాత కామిక్ పేజీ]

ముందు కామిక్ దగ్గరికి పోదాం. 1962 ఆగస్టు తేదీతో వచ్చిన 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచిక. వెల 12 సెంట్లు. కథ స్టాన్ లీ, బొమ్మలు స్టీవ్ డిట్కో. స్పైడర్‌మ్యాన్ అసలు పేరు పీటర్ పార్కర్, పిన్నీ బాబాయిల దగ్గర పెరిగే కుర్రాడు. మొదటి పేజీలోనే గుండ్రటి కళ్ళజోడు పెట్టుకుని ఓ పక్కన ఒంటరిగా నిలబడి ఉంటాడు. తోటి పిల్లలు గుంపుగా చేరి అతన్ని ఎగతాళి చేస్తుంటారు. డిట్కో గీసిన పీటర్ బక్కపలచటి మనిషి, భుజాలు కాస్త వంగి ఉంటాయి. చూడగానే మన క్లాసులో వెనక బెంచీ మూల కూర్చునే ఒకడు గుర్తొస్తాడు.

'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 38వ సంచిక తర్వాత, 1966లో డిట్కో తప్పుకున్నాడు. 39 నుంచి జాన్ రొమీటా వచ్చాడు. ఆయన అంతకుముందు ప్రేమకథల కామిక్స్‌కి బొమ్మలు వేసిన మనిషి. ఆయన చేతిలో పీటర్ అందగాడైపోయాడు. బైక్ వచ్చింది, స్నేహితులు పెరిగారు, ఒక పక్క గ్వెన్ స్టేసీ, ఇంకో పక్క మేరీ జేన్. పేరు అదే, సూట్ అదే, మనిషి మాత్రం వేరు.

అందుకే ఎవరైనా వచ్చి "కామిక్‌లో ఉన్నట్టు లేడు" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న, ఏ సంచికలో ఉన్నట్టు అని. టోబీ మగ్వైర్‌ది డిట్కో పీటర్ మొహం. గార్ఫీల్డ్‌లో రొమీటా కాలం పీటర్ పోలికలు ఎక్కువ. హాలండ్‌ది ఇంకా బడి దాటని కుర్రాడి వయసు. ముగ్గురూ కామిక్‌లోంచి వచ్చినవాళ్ళే, కాకపోతే వేరు వేరు పేజీల్లోంచి.

[తెర మీద: 2002]

ఇప్పుడు టోబీని నెత్తిన పెట్టుకుంటున్నాం గానీ, ఆయన పేరు బయటికొచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొట్టలేదు. 'సైడర్ హౌస్ రూల్స్'లో ఆయన్ని చూసి దర్శకుడు శామ్ రైమీ మనసు పడ్డాడు. ఈ నెమ్మదస్తుడు యాక్షన్ హీరో ఏంటని స్టూడియోకే అనుమానం. స్క్రీన్ టెస్టుల్లో తన సత్తా చూపించాకే పాత్ర ఖాయమైంది. అభిమానుల కోపం ఇంకో దాని మీద. కామిక్‌లో పీటర్ తన తెలివితో సొంతంగా వెబ్ షూటర్లు, అంటే మణికట్టు దగ్గర నుంచి సాలెగూటి దారం విసిరే పరికరాలు, తయారు చేసుకుంటాడు. రైమీ సినిమాలో దారం మణికట్టు లోంచే వచ్చేస్తుంది. ఇది దర్శకుడు జేమ్స్ కామెరాన్ అంతకుముందు స్పైడర్‌మ్యాన్ సినిమా కోసం రాసిపెట్టిన కథలోని ఆలోచన. డబ్బుకి కటకటలాడే ఇంట్లో ఉన్న కుర్రాడు ప్రపంచంలో ఎవరూ చెయ్యలేని జిగురు కనిపెట్టాడంటే జనం నమ్మరన్నది రైమీ వాదన. పీటర్ తెలివితేటల్ని తీసేశారు కదా అన్నది అభిమానుల బాధ. ఇందులో నేను అభిమానుల పక్షం. కానీ ఆ నిర్ణయంలో టోబీ తప్పు వెంట్రుకంత కూడా లేదు.

2002 మేలో సినిమా వచ్చి, అమెరికాలో మొదటి వారాంతంలోనే 10 కోట్ల డాలర్లు దాటిన మొదటి సినిమా అయ్యాక ఆ గొడవ సద్దుమణిగింది.

ఇలాంటిది మనకేమీ కొత్త కాదు. 1954లో 'ఇద్దరు పెళ్ళాలు'లో ఎన్టీ రామారావు గారు కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు. అందుకే 'మాయాబజార్'కి కృష్ణుడిగా అడిగినప్పుడు ఆయనే వెనకాడారు. కె.వి. రెడ్డి గారు నచ్చజెప్పి, ఆహార్యం మీద శ్రద్ధ పెట్టి 1957లో తెర మీద నిలబెట్టారు. ఆ తర్వాత తెలుగువాడు కళ్ళు మూసుకుని కృష్ణుణ్ణి తలచుకుంటే ఆ మొహమే కనిపించింది. నటుడు అదే నటుడు. మారింది ఆయన చుట్టూ ఉన్న పని.

ఒక్క సీన్ చూడండి.

[తెర మీద: కాలేజీ కాదు, హైస్కూల్ క్యాంటీన్ సీన్]

మేరీ జేన్ జారుతుంది. పీటర్ ఒక చేత్తో ఆమెని పట్టుకుని, రెండో చేత్తో ట్రే పట్టి, గాల్లోకి ఎగిరిన గ్లాసు, శాండ్‌విచ్, పండు అన్నీ దాని మీద పడేలా అందుకుంటాడు. చాలామంది ఇది గ్రాఫిక్స్ అనుకుంటారు. కాదు. ట్రే జారకుండా చేతికి జిగురు పూశారు, అంతే. అన్నీ కుదిరేసరికి 156 టేకులు పట్టిందని ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్స్ బృందం చెప్పింది. ఈ సీన్‌లో నాకు నచ్చేది ట్రే కాదు, అది అయ్యాక టోబీ మొహం. తనలో ఏదో మారిందని అప్పుడే అర్థమవుతున్నవాడి మొహం. దీన్ని మాత్రం పూర్తిగా ఆయన ఖాతాలో వెయ్యాలి.

ఇక ఆండ్రూ గార్ఫీల్డ్. నాకు కడుపు మండేది ఇక్కడే.

రైమీ, టోబీల 'స్పైడర్‌మ్యాన్ 4' ఆగిపోయిన 2010లోనే కొత్త నటుడితో మళ్ళీ మొదటి నుంచి తీయాలని ఈ సినిమాలు తీసే సోనీ స్టూడియో నిర్ణయించింది. 2011లో శాన్‌డియాగోలో జరిగే కామిక్స్ అభిమానుల పండగ కామిక్‌కాన్‌కి గార్ఫీల్డ్ హీరోలా రాలేదు. అంగట్లో కొన్న మామూలు స్పైడర్‌మ్యాన్ డ్రెస్సు, మొహానికి ముసుగు, జనంలో ప్రశ్నలడిగేవాళ్ళ వరసలో నిలబడ్డాడు. మైకు అందాక ముసుగు తీశాడు. కాగితం చూసి చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. బక్కగా ఉండే పిల్లవాడికి ఈ బొమ్మల పుస్తకం ఎంత ధైర్యమిచ్చిందో చెప్పాడు. ముగ్గురిలో నా ఓటు ఎవరికని అడుగుతారుగా, ఇతనికే. ఆ పాత్రని అంతలా ప్రేమించినవాడు.

2012లో వచ్చిన సినిమా అతనికేం ఇచ్చింది? రైమీ చివరి సినిమా వచ్చి అయిదేళ్ళే. సాలీడు కుట్టడం, బాబాయి చనిపోవడం జనానికి ఇంకా నోటికొచ్చు. మళ్ళీ అదే కథ. చేతికి స్కేట్‌బోర్డ్ ఇచ్చారు. "మరీ స్టైల్‌గా ఉన్నాడు, వీణ్ణి ఎవడు ఏడిపిస్తాడు" అన్నారు జనం. స్కేట్‌బోర్డ్ రాసింది అతను కాదు కదా. 2014లో రెండో సినిమాలో ఎలక్ట్రో, గోబ్లిన్, రైనో, రాబోయే సినిమాలకి దారులు, అన్నీ ఒకే సంచిలో కుక్కారు. అప్పటివరకు వచ్చిన అయిదు సినిమాల్లో తక్కువ వసూళ్ళు దీనికే. అనుకున్న మూడోది రద్దయింది. నింద మాత్రం పోస్టర్ మీద బొమ్మ ఎవరిదో వాళ్ళ మీదే పడింది.

ఆ గందరగోళం మధ్యలో గడియారం గోపురం సీన్ ఉంది. గ్వెన్ పడిపోతోంది. పళ్ళచక్రాలు విరిగి పడుతుంటే వాటి మధ్యలోంచి దారం సాగుతుంది. చివరి నిమిషంలో దారం కొస చెయ్యిలా విచ్చుకుని ఆమెని అందుకుంటుంది. అందుకుంది గానీ, ఆ కుదుపు ఆమె తట్టుకోలేదు. 1973లో 121వ సంచికలో జెర్రీ కాన్వే కథకి గిల్ కేన్ వేసిన బొమ్మల్లోనూ ఇంతే, కాపాడబోయిన దారమే ప్రాణం తీసింది. ఆ సంచిక గుర్తుగా సినిమాలో గడియారం ముల్లు 1:21 దగ్గర ఆగుతుంది. గ్వెన్‌ని ఒళ్ళోకి తీసుకుని, ఆమె లేస్తుందని ఇంకా నమ్ముతూ మాట్లాడే గార్ఫీల్డ్‌ని చూడండి. చేతులు ఆమె జుట్టు సర్దుతూనే ఉంటాయి. ఈ సినిమా బాగోలేదన్నవాళ్ళు కూడా ఈ సీన్ దగ్గర మాట్లాడరు.

[తెర మీద: 'హోమ్‌కమింగ్', శిథిలాల కింద పీటర్]

టామ్ హాలండ్ గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇతని మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఐరన్‌మ్యాన్ చాటు బిడ్డ. సూట్ ఆ ఐరన్‌మ్యానే, అంటే టోనీ స్టార్క్, ఇచ్చాడు, బెన్ బాబాయి కథ లేదు, డబ్బు కష్టం కనపడదు. ఫిర్యాదు నిజమే. 2015లో సోనీ, ఐరన్‌మ్యాన్ సినిమాలు తీసే మార్వెల్ చేతులు కలిపాకే ఈ పీటర్ పుట్టాడు, కాబట్టి పెద్ద కుటుంబంలో చిన్నవాడిలాగే రాశారు. అయినా 2017లో 'హోమ్‌కమింగ్'లో కుప్పకూలిన గోడల కింద ఇరుక్కుని, ఎవరైనా ఉన్నారా అంటూ చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. ఎదురుగా నీటి మడుగులో తన నీడ, సగం మొహం, సగం మాస్క్. అది చూసుకుని లేస్తాడు. 1966లో డిట్కో 33వ సంచికలో గీసిన ఘట్టమే ఇది. హాలండ్ పదేళ్ళు దాటీదాటగానే లండన్‌లో 'బిల్లీ ఇలియట్' నాటకంలో నాట్యం చేసినవాడు. మాస్క్ వేసుకున్నా ఒళ్ళు మాట్లాడుతుంది.

ఇప్పుడు మన తెలుగు ప్రేక్షకులకే చెందిన సంగతి ఒకటి. ఎవరూ దీని గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు.

స్పైడర్‌మ్యాన్ మొహం మూసుకున్న హీరో. మాస్క్ వేశాక నటుడికి మిగిలేది రెండే, ఒళ్ళు, గొంతు. ప్రమాదకరమైన చోట్ల ఒళ్ళు ఫైట్ మాస్టర్ మనుషులదో కంప్యూటర్‌దో. ఇక గొంతు. మనలో ఎంతమంది ఈ సినిమాల్ని తెలుగు డబ్బింగ్‌లో చూశాం? టీవీలో ఆదివారం మధ్యాహ్నం, అన్నం తింటూ? మనం విన్న గొంతు టోబీది కాదు, ఆండ్రూది కాదు. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో చీకటి గదిలో, పెదవుల కదలికకి మాట అతికిస్తూ నిలబడ్డ ఒక తెలుగు కళాకారుడిది. సగం నటన ఆయనదే. పోస్టర్ మీద పేరుండదు.

దీని వల్ల ముగ్గురికీ ఒకేలా నష్టం జరగలేదు. రైమీ సినిమాలు గుర్తు తెచ్చుకోండి. గోబ్లిన్‌తో చివరి పోరులో మాస్క్ చిరిగిపోతుంది. రెండో సినిమాలో రైలు ఆపేటప్పుడు మాస్కే ఉండదు. పళ్ళు బిగించి, రెండు చేతులా దారాలు లాగుతూ ఉంటే కణతల మీద నరాలు కనిపిస్తాయి. స్పృహ తప్పాక ప్రయాణికులు అతన్ని చేతుల మీద మోసుకుపోతుంటే, ఇంత చిన్నవాడా అని ఆ మొహం చూస్తారు. ఆ మొహానికి డబ్బింగ్ అక్కర్లేదు. టోబీ నటన ఏ భాషలోనైనా చెక్కుచెదరకుండా మన ఇంటికి చేరింది.

ఆండ్రూది అలా కాదు. కామిక్ స్పైడర్‌మ్యాన్ మాస్క్ పెట్టగానే వాగుడుకాయ. దొంగని కొడుతూ జోకులేస్తాడు. దాన్ని అందరికంటే బాగా పట్టుకున్నది గార్ఫీల్డ్. మాట మధ్యలో ఆగడం, తడబడడం, సాగదీసి ఏడిపించడం, అదంతా గొంతులోనే ఉంది. ఇంగ్లీష్‌లో మాటల విరుపు మీద నడిచే జోకు తెలుగులోకి వచ్చేసరికి పెదవుల లెక్క కుదరాలి, అర్థమూ కుదరాలి. చాలాచోట్ల జోకు పోయి మాట మిగిలింది. మా పెదనాన్న కొడుకు టోబీ వీరాభిమాని. అన్నయ్యా, ఒక్కసారి ఆండ్రూ సినిమా ఇంగ్లీష్‌లో చూడరా అని బతిమాలి, 2012 సినిమాలో కారు దొంగతో మాట్లాడే సీన్ పెట్టాను. చిన్న కత్తి చూసి భయపడ్డట్టు మోకాళ్ళ మీద కూలబడి నటిస్తాడే, అది. అన్నయ్య పగలబడి నవ్వాడు. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టమన్నాడు. ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుందిరా అన్నాడు.

ఓటు మాత్రం మార్చుకోలేదు. ఇప్పటికీ టోబీయే.

కింద మీ ఓటు రాయండి. పేరొక్కటే రాయకండి. ఏ ఏడాది చూశారు, ఏ భాషలో చూశారు, హాల్లోనా టీవీలోనా, అది కూడా పక్కనే రాయండి. ఆ తెలుగు గొంతులు ఎవరివో మీకు తెలిస్తే వాళ్ళ పేర్లు తప్పకుండా చెప్పండి. తర్వాతి వీడియో వాళ్ళ మీదే చెయ్యాలనుకుంటున్నాను.