బస్సు మాట్లాడుకోకండి

సభలో ఉన్న పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. "రోజూ బీచ్ రోడ్డులో కలిసి నడుస్తున్నాం, నెలకోసారి ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలో చెప్పండి" అని మీ కమిటీవాళ్లు నన్ను పిలిచారు. ముందుగా ఒకటే మాట. బస్సు మాట్లాడుకోకండి.

నవ్వుతున్నారు గానీ సీరియస్‌గానే చెబుతున్నాను. బస్సు మాట్లాడుకున్నామంటే సీట్లు నింపాలి. నింపాలంటే నడక అలవాటు లేనివాళ్లనీ బతిమాలాలి. డబ్బు కట్టాం కదా, ఒక్క రోజులో నాలుగు చోట్లు చూసెయ్యాలంటారు. దిగడం, ఫొటో, ఎక్కడం. దానికి వంటవాడు, మైకు కూడా తోడైతే అది పిక్నిక్. పిక్నిక్ తప్పని నేననను, కార్తీకంలో వనభోజనాలకు మేమూ వెళ్తాం. కానీ మనం కూడింది నడవడానికి కదండీ.

విశాఖలో ఉన్నందుకు మనకు దొరికిన వరం 900కె సిటీ బస్సు. రుషికొండ మీదుగా భీమిలి దాకా పోతుంది. స్త్రీశక్తి పథకం వచ్చాక ఆధార్ చూపిస్తే సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు కూడా అక్కర్లేదు. మా నడక గుంపువాళ్లం ఆ బస్సెక్కి మంగమారిపేట దగ్గర దిగి తొట్లకొండకి వెళ్లాం. ఎత్తు 128 మీటర్లే, ఘాట్ రోడ్డుంది. ఆటోలు అడిగాయి, ఎవరూ ఎక్కలేదు.

పైన బౌద్ధ ఆరామం. క్రీస్తుకు ముందే మొదలై కొన్ని వందల ఏళ్లు భిక్షువులున్న చోటు. నేవీవాళ్ల సర్వేలో బయటపడితే 1988లో తవ్వకాలు మొదలుపెట్టారు. రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపం, వరసగా గదుల పునాదులు కనిపిస్తాయి. మాతో వచ్చిన లెక్కల మాస్టారు ఒక గది పునాది మధ్యలో నిలబడి రెండు చేతులూ చాచారు. "మా అపార్టుమెంటు స్టోర్ రూమ్ ఇంతకంటే పెద్దదండీ" అన్నారు. ఆ తర్వాత ఎవరూ తొందరపడలేదు. ఒక్కొక్కరూ ఒక్కో గదిలో నిలబడి చూసుకున్నారు. బస్సువాడు కింద హారన్ కొడుతుంటే ఇది కుదిరేదా?

అసలు కష్టం దిగేటప్పుడు తెలిసింది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు అడుగడుక్కీ బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. మాలో మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మగారిని అందరికంటే ముందు నడవమన్నాం. ఆవిడను దాటి ఎవరూ పోకూడదు. చిట్టచివర ఒక కుర్రాడు. మాలో కుర్రాడంటే యాభై దాటినవాడే లెండి. ఇప్పటికీ అదే పద్ధతి. గబగబా నడిచేవాళ్లు మొదట్లో సణిగారు. వెనకపడ్డవాళ్లు రెండో నెల నుంచి మానేస్తారు, ఎందుకు మానేశారో కూడా చెప్పరు. ఈ పద్ధతి వచ్చాక అలా జరగలేదు.

ఇంకో సంగతి, మగవాళ్లకు తట్టనిది. దారిలో బాత్రూమ్ ఎక్కడుందో ముందే వెళ్లి చూసి రండి. అది తెలియక పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా నడిచే ఆడవాళ్లుంటారు. ఎండలో అది ప్రమాదం.

భీమిలికి పూర్తిగా ఒక రోజు పెట్టుకోండి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, పావురాలకొండ అన్నీ కాలినడకనే చూడొచ్చు. అక్కడ గోస్తని సముద్రంలో కలిసేచోట కూర్చున్నప్పుడే, ఈ నది పుట్టిన వైపుకి కూడా వెళ్దామని మావాళ్లకు పుట్టింది. అలా బొర్రా గుహల ప్రయాణం కుదిరింది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని ఆ గుహల గుండానే వస్తుంది. పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కితే సొరంగాలు లెక్కపెట్టుకుంటూ బొర్రా గుహలు స్టేషన్లో దిగొచ్చు. లోపల మెట్లు తడిగా ఉంటాయి, చెప్పులు కాకుండా పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. తిరుగు ప్రయాణానికి రైలు ఒక్కటే నమ్ముకోకుండా ఆర్టీసీ బస్సు వేళలు కూడా కనుక్కోండి.

సింహాచలం గిరిప్రదక్షిణ సంగతి అడిగారు. 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమికి మొదటిసారే మొత్తం నడుస్తామని పంతం పట్టకండి. మేం ముందు మామూలు రోజుల్లో ఒకసారి కొండ కింద ప్రదక్షిణ మొదలయ్యే తొలిపావంచా నుంచి హనుమంతవాక దాకా, ఇంకోసారి మాధవధార వైపు, ఇలా ముక్కలుగా నడిచాం. మొత్తం నడవగలిగేవాళ్లెవరో, బస్సులో వచ్చి ముగింపు దగ్గర కలిసేవాళ్లెవరో అందులో తేలిపోయింది. ఎవరికీ చిన్నతనం అనిపించలేదు.

నా మట్టుకు నేను చెప్పవలసింది ఇంతే. తొట్లకొండకైతే వచ్చే ఆదివారం నేనూ వస్తాను, ఎండెక్కకముందే బస్సెక్కాలి. టిఫిన్ బయల్దేరే ముందా, దిగాకా అన్నది మాత్రం మీలో మీరే తేల్చుకోండి. మా గుంపులో ఆ గొడవ ఇంకా తెగలేదు.