37వ నంబరు ఆమె అడిగిన ప్రశ్న

(మే 12, నర్సుల దినోత్సవం నాడు హైదరాబాద్‌లో ఎం.ఎస్సీ. నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థుల ముందు నేను మాట్లాడింది ఇది. రికార్డింగ్ విని, మాటలు పెద్దగా మార్చకుండా రాసి పెడుతున్నాను.)

ప్రిన్సిపల్ మేడమ్‌కి, వేదిక మీదున్న పెద్దలకి, నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా ఇక్కడికొచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. దీపం వెలిగించాం, ప్రతిజ్ఞ చెప్పుకున్నాం, పూలగుత్తులు ఇచ్చుకున్నాం. వెనక వరసల్లో కొందరు నిద్ర ఆపుకుంటున్నారు, కనబడుతోంది. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

నాకిచ్చిన అంశం డిసర్టేషన్, అంటే ఎం.ఎస్సీ.కి రాసే పరిశోధన థీసిస్, ఎలా పూర్తి చేయాలి అని. టాపిక్, సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక), అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ, టూల్ (అడిగే ప్రశ్నల పత్రం), పైలట్ స్టడీ (ముందుగా కొద్దిమందితో చేసి చూడటం), డేటా, స్టాటిస్టిక్స్, బైండింగ్, వైవా. ఈ వరసలోనే చెప్దామని కాగితం మీద రాసుకొచ్చాను. కానీ పొద్దున ముందే వచ్చేసి మీ లైబ్రరీలో ఓ అరగంట కూర్చున్నాను. అద్దాల బీరువాలో పాత థీసిస్‌లు పేర్చి ఉన్నాయి. నల్ల అట్టలు, బంగారు రంగు అక్షరాలు. ఒకటి తీసి తెరిస్తే పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి, విడదీస్తే చప్పుడయింది. అంటే బైండింగ్ షాపు నుంచి వచ్చాక దాన్ని తెరిచినవాళ్ళే లేరన్నమాట. అది చూశాక నేను రాసుకొచ్చిన వరసలో మాట్లాడలేను, మన్నించండి.

ఆ బీరువాలాంటి బీరువాలోనే, ఇంకో కాలేజీలో, నాదీ ఉంది. దాని సంగతి చెప్తాను.

నేను నర్సింగ్ డిప్లొమా, జి.ఎన్.ఎం., చేసి వార్డులో చేరాను. తర్వాత పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ., ఆ తర్వాత ఎప్పటికో ఎం.ఎస్సీ. అప్పటికి ఇద్దరు పిల్లలు. టాపిక్ అడిగితే మా సీనియర్లు ఏం చేశారో అదే చేశాను. స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్ళ వెంట ఉండే ఇంటివాళ్ళకి, పేషెంటుకి బెడ్ సోర్ రాకుండా ఎలా చూసుకోవాలో పాఠం చెప్పడం. ముందు ఒక పరీక్ష, పాఠం, ఏడో రోజు మళ్ళీ అదే పరీక్ష. శాంపిల్ 60 మంది. మార్కులు పెరిగాయి, పి విలువ 0.05 కన్నా తక్కువ వచ్చింది, నల్ హైపోథిసిస్ రిజెక్ట్ అయింది. పాఠం చెప్తే మార్కులు పెరుగుతాయని తేల్చడానికి రెండేళ్ళ చదువు ఖర్చు పెట్టాను. మీలో ఎంతమంది టాపిక్‌లో ఆ మూడు మాటలున్నాయి? చేతులెత్తండి... సగానికి పైనే. తప్పని అనడం లేదు తల్లీ, దించండి. అలా చేసిన నేను ఏం పోగొట్టుకున్నానో చెప్దామనే.

పైలట్ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్ని ఫార్మాలిటీ కింద తీసేస్తారు. శాంపిల్‌లో పదో వంతు, నాకు ఆరుగురు. ప్రశ్నలు ఇంగ్లీషులో తయారుచేసి, తెలుగులోకి రాయించి, వేరే వాళ్ళతో తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, రెండూ సరిపోయాయని సంతకాలు కూడా తీసుకున్నాను. ప్రెషర్ అల్సర్‌ని, అంటే బెడ్ సోర్‌నే, ‘ఒత్తిడి పుండ్లు’ అని రాశారు. ఒక పెద్దాయన నా ప్రశ్న విని, ‘మా తమ్ముడికి ఒత్తిడేం లేదమ్మా, పొలం అప్పు కూడా తీరిపోయింది’ అన్నాడు. టెన్షన్ వల్ల వచ్చే పుండ్లనుకున్నాడు! రెండోసారి అనువాదం చేసినామెకి ఇంగ్లీషు మాట ముందే తెలుసు కాబట్టి ఆమెకి తేడా కనబడలేదు. ‘పడుకుని పడుకుని వీపుకి పడే పుండ్లు’ అని మార్చాక అందరికీ అర్థమయింది. ఆరుగురితో మాట్లాడకపోయి ఉంటే 60 మందినీ వాళ్ళకి అర్థంకాని ప్రశ్న అడిగేదాన్ని. ఇంకో మాట, ఇది హైదరాబాద్. మీ వార్డులో తెలుగు ఫారం ఒక్కటే పెట్టుకుని కూర్చుంటే సగం మంచాలు వదిలేసినట్టే. ఉర్దూ ఫారం చేయించండి, హిందీది చేయించండి.

సరే, 37వ నంబరు. పేర్లు రాయకూడదు కదా, కోడ్ నంబర్లు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చినామె, భర్తకి పక్షవాతం, కుడి పక్క పడిపోయింది, మాట లేదు. ఆమెకి చదువు రాదు. సమ్మతి పత్రం చదివి వినిపించి, సంబంధం లేని సాక్షిని పక్కన పెట్టుకుని వేలిముద్ర తీసుకున్నాను. ఆమెకి రెండో పరీక్షలో కూడా సగం మార్కులు రాలేదు. అదే వారం ఇంకో ఆయన, డిగ్రీ చదివినవాడు, దాదాపు అన్ని ప్రశ్నలకీ సరిగ్గా చెప్పాడు. రెండు గంటలకోసారి తిప్పాలి, ఎముక పొడుచుకొచ్చే చోట్ల చూడాలి, దుప్పటి ముడతలు ఉండకూడదు, అన్నీ చెప్పాడు. వాళ్ళ నాన్న మడమ మాత్రం నల్లబడింది.

ఈమె భర్త వీపు చూశాను. బ్రాడెన్ స్కేల్ మీకు తెలుసు, బెడ్ సోర్ వచ్చే ప్రమాదాన్ని కొలిచేది, 1987లో బార్బరా బ్రాడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ ప్రచురించింది. స్పర్శ తెలియడం, తడి, లేచి తిరగడం, మంచంలో కదలడం, తిండి, ఒరిపిడి, ఈ ఆరు. మొత్తం 6 నుంచి 23, తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. ఆయన స్కోరు అడుగున ఉంది. అలాంటి మనిషికి నడుం కింద ఎర్రటి మచ్చ లేదు. మచ్చ ఉంటే వేలితో నొక్కి చూస్తాం కదా, తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పర్లేదు, ఎరుపు అలాగే ఉండిపోతే పుండు మొదలైనట్టే. నొక్కి చూడ్డానికి మచ్చే లేదు. వీపు పొడిగా, శుభ్రంగా ఉంది.

అప్పుడు మంచం రెయిలింగ్ మీద బొట్టు బిళ్ళ కనబడింది. మెరూన్ రంగుది, కాస్త పెద్దది. మొదట ఎక్కడో ఊడి అంటుకుందేమో అనుకున్నాను. సాయంత్రం వెళ్తే అవతలి రెయిలింగ్ మీద ఉంది. ఇదేంటక్కా అని అడిగితే, ‘ఎటు దిక్కు పండవెట్టిన్నో గటు పెడ్తా సిస్టరమ్మా. రాత్రి నేను కన్ను మూస్తే కొడుకు సూసుకుంటడు. వానికి సెప్పనీకి నన్ను లేపుడెందుకు? బిళ్ళ సూసి ఇంకో దిక్కు తిప్పుతడు’ అంది. గడియారం చూడటం రాదు, ఎదురు మంచం అబ్బాయి ఫోన్‌లో అలారం పెట్టించుకుంది. గమ్ పోతే కొత్త బిళ్ళ. బిళ్ళల పాకెట్ దిండు కింద ఉండేది.

చూడండి, వార్డులో బెడ్ సోర్లు ఎందుకొస్తాయి? తిప్పాలని తెలియక కాదు. షిఫ్టు మారేటప్పుడు, మనిషి మారేటప్పుడు, ఇంతకుముందు ఎటు తిప్పారో తెలియక, కదిలిస్తే నిద్రపోతున్న పేషెంటు లేస్తాడేమోనని వదిలేయడం వల్ల. చార్టులో రాయాలి, నిజమే, కానీ ఒక్క సిస్టర్ అన్ని మంచాలు చూసేచోట చార్టు చివర్లో ఒకేసారి నింపుతారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మెరూన్ బిళ్ళ ఈ చిక్కుని తీర్చింది. నా 60 మందిలో నాకు దొరికిన అసలు విషయం అది.

అది నా థీసిస్‌లో లేదు. ఒక్క వాక్యం కూడా లేదు. రాశాను, నిజానికి, డిస్కషన్‌లో ఒక పేరా రాశాను. టూల్‌లో లేనిది రాయకూడదన్నారు, తీసేశాను. వాదించాల్సింది. సబ్మిషన్ టెన్షన్, చిన్నవాడికి జ్వరం, నాలుగు కాపీలు బైండింగ్‌కి ఇవ్వాలి, ఇంకెవరితో వాదిస్తాంలే అనుకున్నాను. మీరు అనుకోకండి. టూల్ బయట కనబడినదాన్ని టూల్ బయట కనబడిందనే చెప్పి రాయండి, పరిశీలనగా రాయండి, ముందు ముందు చేయాల్సిన పని అని రాయండి. దానికో చోటు ఉంటుంది.

ఆయన్ని డిశ్చార్జ్ చేసే రోజు ఆమె నా దగ్గరికొచ్చింది. ‘గన్ని దినాలు అడిగినవ్, రాసుకున్నవ్. ఏం తేలిందమ్మా? నేను చేసింది మంచిగనే ఉన్నదా?’ అని అడిగింది. థీసిస్ అయ్యాక ఫోన్ చేసి చెప్తానక్కా అన్నాను. నంబరు సమ్మతి పత్రం మీద ఉంది. వైవా అయింది, రిజల్ట్ వచ్చింది, ప్రమోషన్ గొడవలో పడ్డాను. చాలా నెలలకి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వచ్చింది. ‘మంచిగ చేసినవక్కా, మాకంటే మంచిగ చేసినవ్’ అని చెప్పడానికి అరనిమిషం పట్టేది.

మన ఊళ్ళో జరిగిన ఒక పరిశోధన గుర్తు చేస్తాను. బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే డాక్టర్ పేరుతో పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు ఎవర్ని కుట్టాయి? హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్ విగ్రహాలు, పేర్లు ఉన్నాయి. హుసేన్ ఖాన్‌కి అసలు ఏం కనుక్కున్నారో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అని నేను ఆ దారిలో బస్సులో వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను.

ఇప్పుడు రూల్స్ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు, ఛైర్‌పర్సన్ ఆ సంస్థకి చెందని మనిషై ఉండాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరుండాలి. ఆ మామూలు మనిషి మీ తెలుగు సమ్మతి పత్రం చదివి అర్థం కాలేదంటే చిరాకుపడకండి, వార్డులో కూడా అర్థం కాదని ముందే చెప్తున్నారన్నమాట. కమిటీ తేదీ తప్పితే మళ్ళీ మీటింగ్ దాకా ఆగాలి, అనుమతి రాకుండా ఒక్క పేషెంటుని కూడా ప్రశ్న అడగకూడదు, కాబట్టి కాగితాలు ముందే ఇవ్వండి. డిసర్టేషన్ ఆలస్యం కావడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం. డబ్బు కడితే డేటాతో సహా చేసిపెడతామని ఫోన్లకి మెసేజ్‌లు వస్తాయి, మీకూ వచ్చే ఉంటాయి. దయచేసి వాటి జోలికి పోకండి. అడగని పేషెంటు పేరు మీద అంకె వేస్తే, రేపు దాన్ని నమ్మి ఇంకో నర్సు ఇంకో మంచం దగ్గర తప్పు చేస్తుంది.

ఇవాళ ఎవరి పుట్టినరోజు జరుపుకుంటున్నామో ఆ ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా లెక్కలు రాసింది. అందరూ దీపమే చెప్తారు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కన్నా ఆపగలిగే రోగాలతోనే ఎక్కువ చనిపోయారని నైటింగేల్ 1858లో రంగుల పటాలు వేసి చూపించింది. రాసి బీరువాలో పెట్టలేదు. మార్చగలిగినవాళ్ళ చేతికి చేరేదాకా, మంత్రుల దాకా, వెంటపడింది.

నేను చేసింది చిన్న పని. ఇన్‌చార్జ్ అయ్యాక మా వార్డులో ఆ బిళ్ళ పెట్టాను. స్టిక్కర్లు అతికిస్తే గమ్ ఉన్నచోట తుడవడం కుదరదని ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ అభ్యంతరం చెప్పింది, న్యాయమే. లామినేట్ చేసిన చిన్న మెరూన్ కార్డు క్లిప్‌తో రెయిలింగ్‌కి తగిలిస్తున్నాం, రోజూ తుడుస్తాం. షిఫ్టు అప్పగించే హ్యాండోవర్‌లో మొదట కార్డు ఎటుందో చూస్తారు. పుండ్లు తగ్గినట్టే అనిపిస్తోంది. అనిపించడం వేరు, తేల్చడం వేరు, నేను కొలవలేదు.

మీలో ఎవరైనా కొలుస్తారా? కార్డు పెట్టిన వార్డు ఒకటి, పెట్టని వార్డు ఒకటి, చేరిన రోజు బ్రాడెన్ స్కోరు, రోజూ చర్మం చూడటం. మార్కులు కాదు, వీపు చూడాలి. మూడో వరసలో ఇద్దరు చెయ్యెత్తారు, సంతోషం. ఇంకో అమ్మాయి కిటికీ దగ్గర, సరే. మీ గైడ్‌తో నేను మాట్లాడతాను. భోజనాలయ్యాక సినాప్సిస్ కాగితాలు పట్టుకుని రండి, కూర్చుందాం. వచ్చేటప్పుడు సమ్మతి పత్రం తెలుగుది కూడా తీసుకురండి, సంతకం గీత పైన ఒక లైను కలపాలి. ‘ఏం తేలిందో మీకు చెప్పడానికి ఏ నంబరుకి ఫోన్ చేయమంటారు? అది మారితే ఇంకెవరికి చేయమంటారు?’