సంతకం ఒకరిది, పని మరొకరిది

(పట్టణ ప్రైవేటు ఎలక్ట్రీషియన్ల సంఘం వార్షిక సభలో విశ్రాంత ఐటీఐ శిక్షకుడి ప్రసంగ పాఠం)

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మా పిల్లలకు నమస్కారం. పిల్లలు అన్నందుకు నొచ్చుకోకండి. మీలో కొందరికి నాకంటే ఎక్కువ జుట్టు నెరిసిందని ఇక్కడి నుంచే కనిపిస్తోంది. అయినా మా ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివినవాళ్లు నాకు ఎప్పటికీ పిల్లలే. చదవకుండా మేస్త్రీల వెంట తిరిగి పని నేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పనిలో వాళ్లేమీ తక్కువవాళ్లు కాదు. ఆ సంగతి తరువాత చెబుతాను, గుర్తు చేయండి.

శాలువా కప్పినందుకు కృతజ్ఞతలు. వచ్చే ఏడాది నుంచి ఆ డబ్బుతో ఇద్దరు కుర్రవాళ్లకు రబ్బరు చేతి తొడుగులు కొనివ్వండి. నా ఇంట్లో శాలువాలు బీరువా నిండా ఉన్నాయి.

ఈ రోజు జనవరి 27. 1880లో ఎడిసన్ గారి బల్బుకు పేటెంటు మంజూరైన రోజు కాబట్టి ఆయన ఫోటోకు దండ వేశారు. వేయవలసిందే. కానీ ఆయన ఇవాళ మన పట్టణానికి వచ్చి ఒక ఇంటికి వైరింగు చేస్తానంటే చట్టం ఒప్పుకోదు. వైర్‌మన్ పర్మిట్ లేదు కదా! నవ్వకండి, ఈ రోజు నాకిచ్చిన విషయం అదే. ‘ప్రభుత్వ లైసెన్సులు పనివాడికి లాభమా, భారమా’ అని కార్యదర్శి గారు రాసిచ్చారు. ఇరవై నిమిషాలు అన్నారు. చూద్దాం.

మన రాజ్యాంగం 19వ అధికరణంలో ప్రతి పౌరుడికీ నచ్చిన వృత్తి చేసుకునే హక్కు ఇచ్చింది. అదే అధికరణం ఆరో ఉపనిబంధనలో, ఆ వృత్తికి కావలసిన సాంకేతిక అర్హతలను ప్రభుత్వం నిర్ణయించవచ్చని కూడా అంది. ఆ రెంటి మధ్యే మన బతుకు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వది మన మెడకు చుట్టుకున్న నిబంధన. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు పని చేయించాలి, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్నవాడు చేతితో చేయాలి. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త నిబంధనలు తెచ్చింది, 2023లో మళ్లీ తిరగరాసింది. ఈ మూడంచెల పద్ధతి మాత్రం అలాగే నడుస్తోంది.

దీని ఖర్చెంత అని అడిగితే చాలామంది చలానా మీది అంకె చెబుతారు. చలానా ఒక ఖర్చా! పరీక్షకు వెళ్లిన రోజు కూలి పోతుంది. అనుభవ ధ్రువపత్రం కోసం పాత యజమాని చుట్టూ తిరగాలి. ఆయన ఇవ్వడు, ఇస్తే పోటీకి వస్తావని. దరఖాస్తులో ఒక కాగితం తక్కువైందని వెనక్కి పంపితే మళ్లీ ప్రయాణం. మధ్యలో ఒక ఏజెంటు ప్రత్యక్షమై ‘నేను చూసుకుంటాను’ అంటాడు. ఆయన చూసుకునేదానికి ఒక ధర. చలానాకు ఎన్ని రెట్లు అన్నది మీలో పర్మిట్ తీసుకున్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

అందుకని లైసెన్సులన్నీ ఎత్తేయాలా? తొందరపడకండి. కొన్నిటిని ఎత్తేయవలసిందే. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో మన దేశపు ఆడవాళ్లు దారంతో కనుబొమలు తీర్చే పని చేసుకుంటున్నారు. మన బ్యూటీ పార్లర్లలో థ్రెడింగ్ అంటాం కదా, అదే. చేతిలో ఉండేది ఒక దారం పోగు. ఆ పని చేయాలంటే 750 గంటల శిక్షణ, పరీక్షలు, లైసెన్సు కావాలని అక్కడి ప్రభుత్వం పట్టుబట్టింది. అందులో 320 గంటల దాకా పాఠాలకు ఈ పనితో సంబంధం లేదని ప్రభుత్వమే కోర్టులో ఒప్పుకోవలసి వచ్చింది. 2015లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. కనుబొమ వంకరైతే అద్దంలో కనిపిస్తుంది, మరుసటిసారి ఇంకో చోటికి వెళతారు. దానికి ప్రభుత్వం కాపలా ఎందుకు?

మన దగ్గర మాత్రం తక్కువా? లారీ, బస్సు, టాక్సీ నడపాలంటే ఎనిమిదో తరగతి చదివి ఉండాలని ఒక నిబంధన చాలాకాలం ఉంది. మోటారు వాహనాల నిబంధనల్లో ఎనిమిదవది. 2019లో తీసేశారు. అది ఉన్నంతకాలం ఏమి జరిగింది? చదువు లేక, నడపడం వచ్చినవాళ్లు టీసీలు కొనుక్కున్నారు. కాగితం అమ్మినవాడు బాగుపడ్డాడు, రోడ్డు మీద ప్రమాదం ఒక్కటైనా తగ్గిందా?

సినిమా హాలు ఆపరేటర్లు మీలో ఎవరైనా ఉన్నారా? అదిగో, ఒకాయన చెయ్యెత్తారు. ఆపరేటరుకు లైసెన్సు ఉండాలన్నారంటే కారణం ఉంది. ఆ రోజుల్లో ఫిల్ము నైట్రేటుతో చేసేవారు. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. క్యాబిన్‌తో పాటు హాలే తగలబడేది. 1950ల మొదట్లోనే ఆ ఫిల్ము పోయి, సులువుగా అంటుకోనిది వచ్చింది. ఇప్పుడు అసలు ఫిల్మే లేదు, కంప్యూటర్ డబ్బా. ప్రమాదం పోయిన తరువాత కూడా దాని పేరు మీద పెట్టిన నిబంధనలు ఎన్నాళ్లు బతుకుతాయో చూడండి. నిబంధన పెట్టేటప్పుడు దానికి ఆయుష్షు ఎంతో కూడా రాసి పెట్టాలని నా చిరకాల కోరిక. ఎవరూ వినలేదు.

మరి మన సంగతి? మన ప్రమాదం పోలేదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో కరెంటు షాక్‌తో చనిపోయేవాళ్లు ఏటా 12,000కు పైగానే ఉంటున్నారు. తెగిపడ్డ తీగలు, పొలాల్లో మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయిన రైతులు, అందరూ కలిపిన లెక్క ఇది. ఇంటి వైరింగు వాటా ఎంతో విడిగా చెప్పలేదు. కానీ వాషింగ్ మెషీన్ ముట్టుకుని పడిపోయిన ఇల్లాలు, కూలర్‌లో నీళ్లు పోయబోయిన పిల్లవాడు, ఈ వార్తలు మనం ప్రతి వేసవిలో చదవడం లేదా? చదివి పేజీ తిప్పేస్తున్నాం. అలాంటి వార్త ఎప్పుడు కనిపించినా నేను అడిగేది ఒక్కటే. ఆ ఇంట్లో మూడో వైరు ఉందా?

మూడో వైరు అంటే ఆకుపచ్చ వైరు, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తు వైరు. కరెంటు తెచ్చే ఫేజు లేకపోతే లైటు వెలగదు, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ లేకపోయినా వెలగదు. ఎర్తు లేకపోయినా లైటు బ్రహ్మాండంగా వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఇంటివాడు గృహప్రవేశం చేసుకుంటాడు. అక్కడే ఉంది చిక్కంతా. దోసె మాడితే తిన్నవాడికి తెలుస్తుంది. గోడలో ఎర్తు వైరు లేదని ప్లాస్టరింగు అయిన తరువాత ఎవరికి తెలుస్తుంది? మీటరు దగ్గర ఎర్తు పిట్, అంటే ఆ వైరు భూమిలో కలిసే గుంత, తవ్వకుండా, ప్లగ్గు పాయింటులో ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు కలిపేసేవాళ్లున్నారు. మీలో లేరు, సరే. ఏ రోజో న్యూట్రల్ తెగితే ఆ ఫ్రిజ్ తలుపే ఫేజు అవుతుంది. కాబట్టి నా లెక్క ఒక్కటే. నష్టం కొన్నవాడి కంటికి కనిపించే పనికి లైసెన్సు అక్కరలేదు. కంటికి కనిపించకుండా గోడలో దాక్కుని, ఎప్పుడో ఒక రోజు, పని చేయించుకున్నవాడిని కాక అద్దెకు దిగినవాడిని చంపే పనికి లైసెన్సు ఉండి తీరాలి.

ఇంతవరకు కార్యదర్శి గారు రాసిచ్చిన విషయం. ఇప్పుడు నా గోడు.

నేను ఇల్లు కట్టుకున్నప్పుడు వైరింగు మా పిల్లల చేతే చేయించాను. ప్రతి గదికీ మూడు వైర్లు. రెండున్నర మీటర్ల జీఐ పైపు, బొగ్గు, ఉప్పు, పొరలు పొరలుగా ఎర్తు పిట్. కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. పెయింటు వేయకముందే మెగ్గర్, అంటే వైర్ల ఇన్సులేషన్ కొలిచే పరికరం, పెట్టి ఒక్కొక్క సర్క్యూట్ చూశాను. రీడింగులన్నీ పుస్తకంలో రాసుకున్నాను. సర్వీసు కనెక్షన్‌కు దరఖాస్తు చేయబోతే, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు సంతకం చేసిన వైరింగు పూర్తయిన నివేదిక కావాలన్నారు. న్యాయమే. నేను శిక్షకుడిని, కాంట్రాక్టరును కాను. వెళ్లాను ఒకాయన దగ్గరికి. పేరు అడగకండి, చెప్పను.

‘రండి సార్, కూర్చోండి సార్’ అని టీ తెప్పించాడు. ‘ఎన్ని పాయింట్లు సార్?’ అన్నాడు. చెప్పాను. సొరుగు లాగి ఒక పుస్తకం తీశాడు. అందులో ఫారాలు. అన్నిటి కిందా ముందే సంతకం, ముందే ముద్ర! పైన ఖాళీ. నా కళ్ల ముందే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ గడిలో ఒక అంకె వేశాడు. ఎర్తు రెసిస్టెన్స్ గడిలో ఇంకో అంకె వేశాడు. ‘నా దగ్గర అసలు రీడింగులు ఉన్నాయి, అవి రాయవయ్యా’ అన్నాను. ‘ఎందుకు సార్ శ్రమ, ఇవి ఆఫీసులో అలవాటైన అంకెలు’ అన్నాడు. అలవాటైన అంకెలు! ‘పోనీ ఒకసారి వచ్చి చూడు’ అన్నాను. ‘మీరు దగ్గరుండి చేయించాక మేము చూసేదేముంది సార్’ అని దండం పెట్టాడు. నా ఇంట్లో ఎర్తు ఉందో లేదో ఆయనకు ఈ రోజుకీ తెలియదు. కాగితం మీద మాత్రం ఉంది. నిజంగా పరీక్షించిన నా రీడింగులు పుస్తకంలోనే ఉండిపోయాయి, ఊహించి వేసిన ఆయన అంకెలు ఆఫీసు ఫైలుకెక్కాయి.

అసలు బాధ అది కూడా కాదు. మొదట్లో గుర్తు చేయమన్నాను కదా. ఆయన కింద పని చేసే కుర్రవాడు ఒకడు నాకు తెలుసు. ఐటీఐ చదవలేదు. వాడు పైపు వంచితే కొలిచి వంచినట్టు ఉంటుంది. డిస్ట్రిబ్యూషన్ బోర్డు లోపల వాడు వైర్లు దువ్వి కట్టిన తీరు ఫోటో తీసి మా ట్రైనీలకు చూపించాను. వాడికి పర్మిట్ లేదు. పని వాడిది, సంతకం ఆయనది, డబ్బులో పెద్ద వాటా సంతకానిది. ఐటీఐ లేని అనుభవజ్ఞులకూ పరీక్ష దారి ఉందిరా అని చెబితే, ‘ఆ రోజులన్నీ సెలవు పెడితే ఇల్లు గడవదు మాస్టారూ’ అన్నాడు. ఇప్పుడు చెప్పండి, లైసెన్సు ఖర్చు ఎవడు భరిస్తున్నాడు, దాని ఫలం ఎవడు తింటున్నాడు?

కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి మన పిల్లలు గల్ఫ్‌కు వెళుతున్నారు. వెళ్లే ముందు ట్రేడ్ టెస్టు ఉంటుంది. ఒక చెక్క బోర్డు, కొంత వైరు, స్టార్టర్ ఇచ్చి ‘కలుపు’ అంటారు. కాగితాలు తరువాత చూస్తారు. ఎవడో కంపెనీవాడు తన లాభం కోసం చేతిని పరీక్షిస్తున్నాడు. మన మనుషుల ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటులో చేతిని పరీక్షించేది ఎంత, కాగితం చూసేది ఎంత? పరీక్ష కఠినంగా పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. మెగ్గర్ చేతికిచ్చి రీడింగు చెప్పమనండి. కానీ పనివాడి దగ్గరికి రండి, ఆదివారం పెట్టండి, మండల కేంద్రంలో పెట్టండి.

అధికారులను తిట్టడం తేలిక. వాళ్లిక్కడ లేరు, మీరున్నారు. అందుకే మిమ్మల్ని అడుగుతాను. ఈ హాల్లో కాంట్రాక్టరు లైసెన్సు ఉన్నవాళ్లు ఎందరు? చేతులెత్తండి. బాగుంది. కిందటి సంవత్సరం సంతకం చేసిన ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్లి చూసినవాళ్లు చేతులు అలాగే ఉంచండి.

సరే, దించండి. నేను లెక్కపెట్టను.

కోపం తెచ్చుకోకండి తమ్ముళ్లూ. మీ మీద కోపంతో అనడం లేదు. పర్మిట్‌కు ఒక విలువ ఉంది. అది మీకు ధైర్యం ఇవ్వాలి. ఇంటివాడు ‘ఎర్తు వైరు ఎందుకయ్యా, వేలు దండగ’ అన్నప్పుడు, ‘వేయకపోతే నా పర్మిట్ పోతుందండీ’ అని మీరు చెప్పగలగాలి. పర్మిట్ లేనివాడికి ఆ మాట అనే వీలు లేదు, పని పోతుందని ఊరుకుంటాడు. కానీ సంతకం అద్దెకు దొరుకుతున్నంత కాలం ఆ మాట మీరూ అనలేరు. ఎందుకంటే పక్క వీధిలో ఇంకొకడు, రాకుండా, చూడకుండా సంతకం పెడతాడని ఇంటివాడికి తెలుసు. మీ లైసెన్సు విలువను ప్రభుత్వం తగ్గించలేదు, మనమే చౌకగా అమ్ముకున్నాం.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. అయిపోవచ్చింది, ఒక్క తీర్మానం.

ఈ సంఘం సభ్యులు వైరింగు చేసిన ప్రతి ఇంట్లో డిస్ట్రిబ్యూషన్ బోర్డు తలుపు లోపలి వైపు ఒక చీటీ అంటించాలి. పని చేసినవాడి పేరు, పర్మిట్ నంబరు, ఉంటే. సంతకం చేసినవాడి పేరు, లైసెన్సు నంబరు. తేదీ. ఎర్తు రెసిస్టెన్స్, ఇన్సులేషన్ రెసిస్టెన్స్, కొలిచిన అంకెలు. అద్దెకు వచ్చినవాడు తలుపు తీస్తే కనబడాలి. దీనికి ఏ జీవో అక్కరలేదు, ఒక ప్రింటింగు ప్రెస్సు చాలు. ఎర్తు టెస్టర్ లేదంటారేమో. నా సొంత టెస్టర్, మెగ్గర్ సంఘానికి ఇచ్చేస్తున్నాను, కార్యదర్శి గారి షాపులో ఉంటాయి. రిజిస్టరులో రాసి తీసుకెళ్లండి, బ్యాటరీలు మీవే. ఇక పర్మిట్ లేని కుర్రవాళ్ల సంగతి. ఈ ఏడాది పరీక్షకు వెళ్లేవాళ్లకు ఆ రోజుల కూలిని సంఘం నిధి నుంచి ఇవ్వాలి. పాఠం నేను చెబుతాను, రాత్రి ఏడు తరువాత, మా ఇంటి వరండాలో, ఉచితంగా. ఆలస్యంగా వస్తే మాత్రం లోపలికి రానివ్వను, ఆ అలవాటు నాకు పోలేదు.

ఇది తీర్మానం. బలపరిచేవాళ్లు చేతులెత్తండి. వెనుక వరుసలోవాళ్లు నిలబడి ఎత్తండి, కనబడటం లేదు. అధ్యక్షులు గారూ, వేదిక మీదివాళ్లకు కూడా ఓటు ఉంది.