మా తమ్ముడి మొలతాడు

గ్రంథాలయ వార్షికోత్సవానికి విచ్చేసిన పెద్దలకు, అమ్మలకు, బడి పిల్లలకు నమస్కారం. కార్యదర్శిగారు ‘అధిక బరువు – ఫ్యాటీ లివర్’ గురించి చెప్పమన్నారు. శాలువా తరవాత కప్పవచ్చు, ముందు నన్ను మాట్లాడనివ్వండి.

కాలేయంలో 5 శాతానికి మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. చాలామందిలో అది అక్కడే ఆగుతుంది. కొందరిలో వాపు వస్తుంది, మానిన చోట మచ్చలు కడతాయి, ఏళ్ల తరబడి ఆ మచ్చలు పేరుకుని కాలేయం గట్టిపడుతుంది. అదే సిర్రోసిస్. బరువు పెరిగేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది, మధుమేహం తోడైతే మరీను. సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి, కాదనను. కానీ ఇందులో సగమే విని మేము మా తమ్ముణ్ణి పోగొట్టుకున్నాం.

వాడిది అయిదడుగుల అయిదంగుళాల ఎత్తు, 60 కిలోల బరువు. ఎత్తుకు తగ్గ బరువేనా అని చెప్పే బి.ఎం.ఐ. లెక్క కడితే 22. మనవాళ్లకు 23 నుంచి అధిక బరువు కాబట్టి వాడికి ఏ దిగులూ లేదనుకున్నాం. స్కానింగులో రెండో గ్రేడు ఫ్యాటీ లివర్ అని వస్తే, చూసిన డాక్టరు “సన్నగానే ఉన్నావుగా, ఏమీ కాదు” అని పంపేశారు. నేనూ అదే అన్నాను.

అమ్మ మాత్రం అనలేదు. ఏటా భోగినాడు తలంటి వాడికి కొత్త మొలతాడు కట్టేది. “పోయినేటి కొలత చాలడం లేదురా, బెత్తెడు పెంచాను” అనేది. పాతది తెంపిన చోట నడుము చుట్టూ ఎర్రటి గీత పడి ఉండేది. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉండేవి, పొట్ట ఒక్కటే ముందుకు వచ్చింది. కాటా చెప్పనిది ఆ దారం చెప్పింది. పేగుల చుట్టూ చేరే కొవ్వే అసలు ప్రమాదం. అక్కడి రక్తం నేరుగా కాలేయానికే వెళుతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన డెల్టాలో అన్నానికి కొదవ లేదు. మా తాత ఆ అన్నమే మూడు పూటలా తిన్నాడు, ఊడ్పుల నుంచి నూర్పుల దాకా చేలోనే ఉన్నాడు. తమ్ముడు అంతే తిని, పొద్దున్నుంచి రాత్రి దాకా ఎరువుల కొట్లో కూర్చున్నాడు. కడుపులో నీరు చేరేదాకా వాడి కాలేయం గట్టిపడిందని మాకు తెలియలేదు.

వాడు చుక్క ముట్టి ఎరగడు. పెద్దకర్మనాడు పంక్తిలో కూర్చుని “తాగకుండా లివర్ ఎలా పోతుంది?” అన్నవాళ్లు ఈ సభలో ఉన్నారు. పేర్లు చెప్పను. వంటింట్లో ఉన్న మా మరదలు ఆ మాట విన్నది. అయ్యా, 2023లో వైద్యులు ఈ జబ్బు పేరే మార్చారు. మద్యం మాట తీసేసి, శరీర జీవక్రియ లోపాన్ని పేరులో చేర్చారు. మీరు కూడా ఆ మాట మార్చుకోండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. బరువున్నవాళ్లకు మంచి కబురుంది. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 8 కిలోలు తగ్గితే చాలామందిలో మచ్చలు కూడా తగ్గుముఖం పడతాయి. నెలలు పట్టినా సరే, మెల్లగా తగ్గండి. పస్తులుండి నెలలో దించేస్తే కాలేయానికే చేటు. స్కానింగు గ్రేడు కొవ్వు ఎంతుందో చెబుతుంది, మచ్చల సంగతి చెప్పదు. దానికి ఫిబ్-4 అని ఒక లెక్క ఉంది. వయసు, ప్లేట్‌లెట్లు, రెండు లివర్ ఎంజైములు తెలిస్తే చాలు. మీ డాక్టరును అడగండి, సన్నగా ఉన్నా అడగండి.

ఆ బల్ల మీద దర్జీ టేపు పెట్టాను. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. అమ్మలకు లోపలి గదిలో మా మరదలు కొలుస్తుంది. ఊపిరి వదిలి నిలబడండి. పొట్ట లోపలికి పీల్చుకోవద్దు.