మూలపాడు అడవిలో సీతాకోకచిలుకల్ని ఎక్కడ వెతకాలి?

(దృశ్యం: హైవే పక్కన కొండలు, మధ్యాహ్నపు ఎండ)

నమస్తే అండీ. బెజవాడ నుంచి హైదరాబాద్ హైవే ఎక్కి ఇబ్రహీంపట్నం దాటితే మూలపాడు వస్తుంది. అక్కడి క్రికెట్ గ్రౌండు చాలామందికి తెలుసు. కొండపల్లి రిజర్వు ఫారెస్టులో అటవీశాఖ సీతాకోకచిలుకల పార్కు ఉందని మాత్రం తక్కువమందికే తెలుసు. వెళ్లొచ్చినవాళ్లూ కొందరు "ఏముందక్కడ, ముళ్లకంపలు తప్ప?" అని పెదవి విరుస్తారు. వాళ్లు పూల కోసం చూసి ఉంటారు. మనం ఆకుల్ని చూద్దాం.

(దృశ్యం: కరివేపాకు రెమ్మ, బాగా దగ్గరగా)

ముందు మీ పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరికి రండి. ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టుందా? కాస్త ఆగి చూడండి, కదులుతుంది. అది కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక పిల్ల, అంటే గొంగళిపురుగు. రెట్టలా కనిపిస్తే పిట్టలు ముట్టుకోవు కదా! కాస్త పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు పుల్లతో కదిపితే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ము బయటికొస్తుంది, దాంతోపాటు ఘాటైన వాసన కూడా. మనింట్లో అయితే మందు కొట్టేస్తాం. నాలుగు రెమ్మలు పోతే పోయాయి, దాన్ని వదిలేయమనే నేనంటాను.

(దృశ్యం: రెండు నల్లటి సీతాకోకచిలుకలు పక్కపక్కన)

ఇక అడవిలోకి. ఈ రెండూ నలుపే, రెక్కల మీద తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు. ఒకటి కామన్ రోజ్. దాని గొంగళిపురుగు ఈశ్వరి జాతి తీగల ఆకులు తిని, అందులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. పెద్దదై ఎగిరినా ఆ విషం పోదు. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. రెండోది మన కరివేపాకు చెట్టుదే! కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని అచ్చం రోజ్ వేషం వేస్తాయి. ఒంట్లో విషం చుక్క కూడా ఉండదు, వేషమే కాపాడుతుంది. తేడా పట్టాలంటే రెక్కలు కాదు, ఒళ్లు చూడాలి. రోజ్ ఒళ్లు ఎర్రగా ఉంటుంది, మార్మన్‌ది నల్లగా.

జిల్లేడు కనిపిస్తే ఆకు అడుగున చూడండి, ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులు దొరకొచ్చు. వాన వెలిశాక బాటలో తడిమట్టి మీద గుంపుగా వాలిన సీతాకోకచిలుకలు ఎక్కువగా మగవి. మట్టిలోని ఉప్పు పీల్చుకుంటున్నాయి. ఆ ఉప్పు జతకట్టినప్పుడు ఆడదానికి, దాన్నుంచి గుడ్లకు చేరుతుంది. అక్కడ మీ నీడ వాటి మీద పడకుండా కూర్చుంటే ఫొటోలు బాగా వస్తాయి.

(దృశ్యం: తెల్ల పొణికి చెట్టు)

దారిలో చెట్లనూ చూడండి. కొండపల్లి బొమ్మలు చెక్కేది ఈ తెల్ల పొణికి కర్రతోనే. తేలికైన, మెత్తటి కర్ర.

ట్రెక్కింగ్ అలవాటుతో తెల్లారగట్ట బయల్దేరకండి. ఎండ తగిలి ఒళ్లు వెచ్చబడితే గానీ సీతాకోకచిలుక ఎగరలేదు, అందుకే తొమ్మిది దాటాక వెళ్లడం మేలు. వానలు పడ్డాక, అక్టోబరు, నవంబరుల్లో అడవి పచ్చగా ఉంటుంది. మే నెలలో వెళితే మోడులు, వడగాడ్పు తప్ప ఏమీ ఉండవు. పార్కు దాటి లోపలి బాటలకు వెళ్లాలనుకుంటే ముందు ఫారెస్టు సిబ్బందిని అడగండి. తాగునీళ్లు మీరే తీసుకెళ్లండి.