‘కొత్త మందు ఇస్తాం, వేలిముద్ర వెయ్యి’ అంటే ఏం చేయాలి?

(వరంగల్ శ్రోతల ఆరోగ్య ఫోన్-ఇన్ నుంచి. అంశం: ప్రభుత్వ దవాఖానల్లో క్లినికల్ ట్రయల్స్, అంటే మందులను మనుషుల మీద పరీక్షించి చూడటం. స్టూడియోలో యాంకర్‌తో పాటు ఒక సీనియర్ ఫిజీషియన్.)

యాంకర్: హలో, చెప్పండమ్మా, ఎక్కడి నుంచి?

కాలర్: నర్సంపేట దగ్గర పల్లె మేడమ్. సార్, నమస్తే. మా బాపుకు చానా ఏండ్ల నుంచి షుగర్. నెలనెలా పెద్ద దవాఖానకు పోయి గోలీలు తెచ్చుకుంటడు. పోయిన వారం ఓపీ గది బయట ఒకాయన పిలిచిండట. కొత్త మందు వచ్చింది, బయట కొంటే వేలల్లో ఉంటది, నీకు ఫ్రీగా ఇస్తం, బస్సు కిరాయి కూడా మేమే ఇస్తం అన్నడట. కాగితాలు చేతిల పెట్టి, సోమవారం వచ్చి వేలిముద్ర వెయ్యమన్నడు. బాపుకు చదువు రాదు. వద్దంటే ఇప్పుడిచ్చే గోలీలు కూడా బంద్ చేస్తరేమోనని ఒకటే టెన్షన్ సార్.

డాక్టర్: ముందు ఆ టెన్షన్ తీసేద్దామమ్మా. వద్దన్నంత మాత్రాన మామూలు వైద్యం ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. ఒప్పుకొని మధ్యలో మానేసినా అంతే. ఈ మాట ఆ కాగితాల్లోనే రాసి ఉండాలి. మీ దగ్గరున్నాయా?

కాలర్: చేతిలనే ఉన్నయ్ సార్. తెలుగులనే ఉన్నయ్ గాని సగం సమజ్ కాలే.

డాక్టర్: మొదటి పేజీలో సీటీఆర్ఐ అనీ, దాని పక్కన సంవత్సరం, నెల, ఆ తర్వాత ఆరంకెలూ ఉన్నాయా?

కాలర్: ఒక్క నిమిషం సార్... ఆ, పైన మూలకు ఉంది.

డాక్టర్: అది ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు. దేశంలో వైద్య పరిశోధనను చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ వాళ్లు నడుపుతారు. 2009 జూన్ నుంచి మందుల ట్రయల్స్‌ను అందులో నమోదు చేయడం తప్పనిసరి. ఫోన్‌లో ఆ వెబ్‌సైట్ తెరిచి నంబరు కొట్టండి. ఏ మందు, ఏ కంపెనీ, ఎంతమందిని తీసుకుంటున్నారు, ఏయే ఆసుపత్రుల్లో జరుగుతోంది, అన్నీ ఉంటాయి. బాపు వెళ్లే దవాఖాన పేరు అందులో ఉందో లేదో చూసుకోండి. అయితే నంబరుంది కాబట్టి మందు మంచిదే అనుకోవద్దు. పని లెక్కాపత్రంతో జరుగుతోందని మాత్రమే దానర్థం. ఇంకొకటి, ప్లాసిబో అనే మాట ఎక్కడైనా ఉందా?

కాలర్: మూడో పేజీల ఉంది సార్. ‘పరిశోధన మందు గాని ప్లాసిబో గాని ఇస్తారు’ అని.

డాక్టర్: ప్లాసిబో అంటే మందు లేని గోలీ. పైకి చూస్తే తేడా కనిపించదు. ఎవరికి ఏది వస్తుందన్నది చిట్టీ తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. చాలా ట్రయల్స్‌లో ఇచ్చే డాక్టరుకు కూడా తెలియదు. మరి ‘నీకు కొత్త మందు ఇస్తాం’ అన్నాయన చెప్పింది సగమే కదా! నాకు కోపం వచ్చేది ఇక్కడే. మీ బాపు దవాఖానకు పోయేది తన షుగర్ తగ్గాలని. ట్రయల్ పెట్టేది మందు పని చేస్తుందో లేదో తేల్చుకోవడానికి. రెండూ ఒకే ఓపీలో, ఒకే తెల్లకోటు చేతుల మీదుగా జరిగితే పెద్దాయనకు ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? చెప్పాల్సింది వాళ్లే.

యాంకర్: అంటే వద్దనమంటారా సార్?

డాక్టర్: అట్లా అనను. పాత గోలీలతో షుగర్ అదుపులోకి రాకపోతే ఆలోచించొచ్చు. పరీక్షలు తరచుగా చేస్తారు, డాక్టరు ఎక్కువసార్లు చూస్తాడు, అది లాభమే. అమ్మా, సోమవారం మీరు కూడా వెంట వెళ్లండి. ఇప్పుడు వాడే గోలీలు కొనసాగుతాయా, ఆపుతారా? రక్తం ఎన్నిసార్లు తీస్తారు? ట్రయల్ అయిపోయాక ఆ మందు దొరుకుతుందా? ఇవి అడగండి. చదువు రానివాళ్ల విషయంలో ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనుండాలి. మొత్తం చదివి వినిపించాక, ఆ సాక్షి కూడా సంతకం పెట్టాలి. అసలే కొత్త రసాయనం అయితే, పేదవాళ్లు, తమ మేలు తాము చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ల దగ్గర ఒప్పుకోలు తీసుకోవడాన్ని వీడియో తీయాలని కొత్త మందులు, ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 రూల్స్ చెబుతున్నాయి. ఒక కాపీ మీకివ్వాలి. ‘మా ఫైల్‌లో ఉంటుందిలే’ అంటే ఊరుకోవద్దు.

కాలర్: ఏమన్న అయితే ఎట్ల సార్?

డాక్టర్: ట్రయల్‌లో ఉండగా ఒంటికి ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి. దానికి కారణం ట్రయల్ కాదని తేలేదాకా ఆ బాధ్యత వాళ్లదే. ట్రయల్ వల్లే ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పరిహారం వేరే. ఆసుపత్రిలో చేరాల్సినంత ఇబ్బంది వస్తే, ట్రయల్ డాక్టరు 24 గంటల్లో ఎథిక్స్ కమిటీకీ (పేషెంట్లకు అన్యాయం జరగకుండా ట్రయల్‌ను కనిపెట్టుకునే కమిటీ), కంపెనీకీ, మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ డ్రగ్ కంట్రోలర్‌కూ రిపోర్టు చేయాలి. అందుకే రాత్రి పూట ఏ నంబరుకు ఫోన్ చేయాలో ముందే రాయించుకోండి.

కాలర్: మంచిది సార్. తమ్మున్ని గూడ తోలుకపోతా.

యాంకర్: జమ్మికుంట నుంచి ఇంకొకరున్నారు. చెప్పు తమ్ముడూ.

కాలర్: అక్కా, నాకేం రోగం లేదు. మా దోస్తు హైదరాబాద్‌ల ఒక సెంటర్‌కు పోయి రెండు రాత్రులుండి గోలీ మింగితే పైసలిచ్చిండ్రట. నన్ను గూడ రమ్మంటున్నడు.

డాక్టర్: అది వేరే కథ బాబూ. పేటెంట్ అయిపోయిన మందును ఇంకో కంపెనీ తయారుచేస్తే, రెండూ రక్తంలోకి ఒకేలా చేరుతున్నాయా అని ఆరోగ్యవంతుల మీద చూస్తారు. చట్టం ఒప్పుకున్న పనే. 2017లో మీ వైపు కుర్రాళ్లు ఇట్లా డబ్బుకు పోతున్న సంగతి పేపర్లన్నిటిలో వచ్చింది, గుర్తుందో లేదో. అసలు ప్రమాదం ఒకచోట పోయి వచ్చి, ఆ సంగతి దాచి, నెల తిరక్కుండా ఇంకోచోటికి పోవడం. సాధారణంగా మూడు నెలల గ్యాప్ ఉండాలంటారు. పాత మందు, కొత్త మందు ఒంట్లో కలిసి ఏమైనా అయితే డాక్టరుకు కారణం కూడా దొరకదు. ఏజెంటు నింపిన ఫారం మీద సంతకం పెట్టొద్దు. ఇంట్లో చెప్పకుండా అసలే పోవద్దు.

కాలర్: సరే సార్. ఇంట్లో చెప్తే పోనియ్యరు.

యాంకర్: (నవ్వుతూ) అయితే సంగతి తేలిపోయింది! సార్, ‘ప్రయోగాలకు పేదోళ్లే దొరికిండ్రా’ అని ఒకరు మెసేజ్ పెట్టారు.

డాక్టర్: అడగాల్సిన మాటే. కానీ ఒక్కటి గుర్తుచేస్తా. ఒకప్పుడు టీబీ వస్తే శానిటోరియంలో, అంటే ఊరికి దూరంగా ఉండే టీబీ ఆసుపత్రిలో నెలల తరబడి పడుకోబెట్టేవారు. 1956లో మద్రాసులో ట్రయల్ మొదలుపెట్టి, సగం మందికి ఇంటి దగ్గరే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవాళ్లూ అంతే బాగా కోలుకున్నారు, ఇంటిల్లిపాదికీ అంటుకుంటుందన్న భయం కూడా తప్పని తేలింది. ఈ రోజు మన పీహెచ్‌సీలో గోలీలు తీసుకొని ఇంటికి పోతున్నామంటే ఆ ట్రయల్‌కు ఒప్పుకున్న పేషెంట్ల పుణ్యమే. వాళ్లూ పేదవాళ్లే.

యాంకర్: చివరి కాల్. ములుగు జిల్లా నుంచి ఆశా వర్కర్.

ఆశా: సార్, ఏదో స్టడీ అట. ఊర్లె ఇరవై మందిని తీసుకరా, మనిషికి ఇంత ఇస్తం అంటున్నరు. వాళ్లు నా మాట వింటరు సార్. తీసుకపోవాల్నా వద్దా?

డాక్టర్: మీ మాట వింటారు కాబట్టే మీ దగ్గరికి వచ్చారమ్మా. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) స్టడీ జరిగింది, సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు వేశారు. హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు. టీకాది తప్పు కాదు, ఆ టీకా నేనే ఆడపిల్లలకు వేయించమని చెబుతా. ఒప్పుకోలు తీసుకున్న తీరు తప్పు. మైనరైతే అమ్మానాన్నలు సంతకం పెట్టాలి, ఏడేళ్లు దాటిన పిల్లలను కూడా అడగాలి.

ఆశా: మరి నేనేం చెయ్యాలె సార్?

డాక్టర్: ఫలానా స్టడీ ఉంది, ఇష్టముంటే పోయి కనుక్కోండి అని చెప్పొచ్చు, అంతవరకే. సంతకాలు పెట్టించడం మీ పని కాదు, అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాల్సింది ట్రయల్ డాక్టరు. తలకింత అన్న లెక్కకు ఒప్పుకోవద్దు. పీహెచ్‌సీ డాక్టరు గారిని రాతపూర్వకంగా ఆర్డర్ ఉందా అని అడగండి. లేదంటే స్టడీ వాళ్లిచ్చే ఒప్పుకోలు కాగితం చివర ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉంటుంది. ఆ కమిటీకి చైర్మన్ ఆ సంస్థకు బయటి మనిషై ఉండాలి.

ఆశా: ఆ నంబరుకు పేషెంటే చెయ్యాల్నా సార్, నేను చెయ్యొచ్చా?

డాక్టర్: ఎవరైనా చేయొచ్చు. రేపు పొద్దున ఆఫీసు టైమ్‌లో చేయండి, మనిషికింత ఇస్తామన్న మాట కూడా చెప్పండి.