చాటింపు వేస్తే చాలదు, బొట్టు పెట్టి పిలవాలి

[కాగితాన్ని కెమెరాకు దగ్గరగా పట్టుకుని]

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం. ముందు ఈ కాగితం చూడండి. మూడో తరగతి పిల్లవాడి సంచి అడుగు నుంచి తీశాను. నాలుగు మడతలు పడి ఉంది. ఒక మూల పులిహోర నూనె మరక, మడతల్లో పెన్సిలు చెక్కిన పొట్టు. ఇంటికి చేరాల్సిన కాగితం ఇది. పన్నెండు రోజులు ఆ సంచిలోనే ఇంటికీ బడికీ తిరిగింది. ఇందులో ఏముందో చదువుతాను, వినండి.

"ఇందుమూలముగా విద్యార్థుల తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవమును పురస్కరించుకొని పాఠశాల యందు ఆల్బెండజోల్ మాత్రల పంపిణీ కార్యక్రమము నిర్వహించబడును. కావున తల్లిదండ్రులు సహకరించవలసినదిగా కోరడమైనది."

ఇది రాసింది నేనే. పైనుంచి వచ్చిన ఉత్తర్వులో వాక్యాలు ఎలా ఉన్నాయో అలాగే దించేశాను. ఆ ఏడాది ఫిబ్రవరి 10న మాత్రలు వేశాం. మధ్యాహ్నం ఒక పాపకు కడుపునొప్పి వచ్చింది. ఆ మాట ఊరంతా పాకింది. రెండు గంటలయ్యేసరికి మిరప చేలలో కోతకు వెళ్లిన తల్లులు, తలకు చుట్టుకున్న గుడ్డలు కూడా విప్పకుండా, బడికి పరుగెత్తుకొచ్చారు. పాపకు అప్పటికే నొప్పి తగ్గిపోయి ఆడుకుంటోంది. ఒక తల్లి ఆయాసపడుతూ నన్ను అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "టీచరుగారూ, ముందే ఒక్క మాట చెప్పి వేస్తే ఏం పోయేదమ్మా?" అంది. ఆమె ఇంటికి కాగితం పంపానని నేను గట్టిగా నమ్మాను. ఆమెకు కబురు అందలేదన్నది మాత్రం నిజం.

ఈ వీడియో ఎందుకు చేస్తున్నానంటే, మన స్టాఫ్ రూముల్లో ఒక మాట పాతుకుపోయింది. "ఈ ఊళ్లో తల్లిదండ్రులకు పిల్లల చదువు పట్టదండీ, ఎన్ని కాగితాలు పంపినా ఇంతే" అంటాం. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. పట్టని తల్లి రోజు కూలి వదులుకుని చేను నుంచి పరుగెత్తుకొస్తుందా?

మన ఊళ్లలో పెళ్లికి ఎలా పిలుస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. శుభలేఖ నాలుగు మూలలా పసుపు రాస్తాం. అందులో తేదీ, వారం, ముహూర్తం గంటలు నిమిషాలతో సహా, పెళ్లి ఎక్కడో, భోజనాలు ఎక్కడో అన్నీ ఉంటాయి. అంతా అచ్చు వేయించాక కూడా ఊరుకోం. ఇంటింటికీ వెళ్లి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి, "వదినా, మీరు తప్పకుండా రావాలి" అని నోటితో చెప్తాం. అప్పుడే అది పిలుపు. బొట్టు పెట్టకుండా శుభలేఖ గుమ్మంలో పడేసి వెళ్తే "మమ్మల్ని సరిగా పిలవలేదు" అని ఏళ్ల తరబడి మాటలుండవు. ఇక చాటింపు సంగతి వేరు. డప్పు కొట్టుకుంటూ వీధిలో చెప్పుకుంటూ పోతారు. విన్నవాళ్లు విన్నారు, లేనివాళ్లు లేదు. చెప్పేవాడి పని అయిపోతుంది.

మనం ఇళ్లకు పంపే కాగితాల్లో ఎక్కువ భాగం చాటింపులే. చాటింపు వేసి, పెళ్లికి రాలేదేమని బంధువులను నిష్ఠూరమాడుతున్నాం. పిలవని పేరంటానికి ఎవరు వస్తారు?

ఈ పెళ్లి పోలికను ఇంకొంచెం సాగదీస్తాను, ఎందుకంటే మనం చేసే తప్పులన్నీ అందులో దొరుకుతాయి.

మొదటిది, పిలుపు ఎవరికి? శుభలేఖ మీద "సకుటుంబ సపరివార సమేతంగా" అని ఉంటుంది. మన కాగితం మీద "తల్లిదండ్రులకు" అని ఉంటుంది. నా తరగతిలో కొందరు పిల్లలు నాయనమ్మ దగ్గర ఉంటారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి మా గుంటూరు వైపు మిరపకోతలకు కుటుంబాలకు కుటుంబాలు వస్తాయని మీకు తెలుసు. పాలమూరు వలసల గురించి చెప్పనక్కర్లేదు. అలాంటి ఇళ్లలో పిల్లలను అక్కడే ముసలివాళ్ల దగ్గర వదిలి వచ్చేవాళ్లు ఉన్నారు. ఆ పిల్లవాడి కాగితం ఎవరు చదవాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు దాటిన మహిళల్లో ప్రతి 10 మందికి దాదాపు నలుగురు నిరక్షరాస్యులు. మన పిల్లల నాయనమ్మలు, అమ్మమ్మలు చాలామంది ఆ లెక్కలో ఉన్నవాళ్లే. వాళ్లకు "నిర్వహించబడును" అని రాసి పంపడం అన్యాయం.

అందుకే అదే కాగితాన్ని తర్వాతి ఏడాది ఇలా మార్చాను.

[రెండో కాగితం చూపిస్తూ]

"ఇంట్లో అందరికీ. ఫిబ్రవరి 10న మధ్యాహ్నం అన్నం తిన్నాక బడిలో పిల్లలకు నులిపురుగుల మాత్ర ఒకటి ఇస్తాం. నమిలి మింగాలి. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు కాసేపు వికారం, కడుపునొప్పి ఉండవచ్చు. కంగారు పడకండి, తగ్గిపోతుంది. ఒంట్లో బాగా లేని పిల్లలకు ఆ రోజు వేయం, మాకు చెప్పండి. ఆ రోజు రాని పిల్లలకు వారం తర్వాత ఇస్తాం. ఏమైనా అడగాలంటే సాయంత్రం 4 గంటలకు గేటు దగ్గరే ఉంటాను."

చూశారా, ముహూర్తం ఉంది, వేదిక ఉంది, ఎవరిని అడగాలో ఉంది. ఆ తల్లులను పరుగెత్తించిన భయానికి జవాబు కూడా ఉంది. పాత కాగితంలో లేనిది అదే.

మరి బొట్టు ఎవరు పెట్టాలి? ముప్పై ఇళ్లకూ రోజూ మనం వెళ్లలేం. మన తరఫున వెళ్లేవాళ్లు మన ముందే కూర్చుని ఉన్నారు. సాయంత్రం గంట కొట్టడానికి పది నిమిషాల ముందు ఆ కబురును నల్లబల్ల మీద రాస్తాను. పిల్లలే నోటుపుస్తకంలో రాసుకుంటారు. తర్వాత ఇద్దరు లేచి పైకి చదువుతారు. "ఇంటికెళ్లి ఎవరికి చదివి వినిపిస్తావు?" అని ఒక్కొక్కరినీ అడుగుతాను. "మా తాతకు" అంటాడొకడు. "పెద్దమ్మకు" అంటుంది ఇంకొకతె. పేరు చెప్పిన పిల్లవాడు మరచిపోడు. మర్నాడు "తాత ఏమన్నాడు?" అని తప్పకుండా అడగాలి. ఆ ప్రశ్న అడగకపోతే వారంలో ఈ పద్ధతి మూలన పడుతుంది, ఇది నా అనుభవం.

పైగా ఇది చదువు కూడా. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం ఏమిటి? మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవగలగాలి. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని వింటుండగా, నిజంగా వాళ్లకు అవసరమైన నాలుగు వాక్యాలు చదవడం కంటే మంచి అభ్యాసం ఏముంటుంది?

ఇక రెండో తప్పు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కొందరు బంధువులకు మనం చదివింపుల రోజునే గుర్తొస్తాం. ఫోను వచ్చిందంటే డబ్బు సంగతే అని తెలిసిపోతుంది. బడి నుంచి ఇంటికి ఎప్పుడు కబురు వెళ్తుంది? ఆధార్ జిరాక్సు కావాలి. మీవాడు కొట్టుకున్నాడు. మీ అమ్మాయి వారం రోజులుగా రావడం లేదు. ఇవే కదా! తరగతిలో ఏం జరుగుతోందో, పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో చెప్పే కబురు ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తోంది?

నేను ప్రతి శుక్రవారం ఒక కబురు రాయిస్తాను. అందులో ఒకే ఒక విషయం, దానికింద ఇంట్లో అడగడానికి ఒక ప్రశ్న. గుణకారం నేర్పుతున్న వారం ఇలా రాయించాను: "ఈ వారం మేము గుణకారాలు నేర్చుకున్నాం. వంకాయలు కిలో 40 రూపాయలైతే 3 కిలోలు ఎంత అని నన్ను అడగండి." సోమవారం ఉదయం ఒక తల్లి బడికి వచ్చింది. సంతలో కూరగాయలు అమ్ముతుంది, సంతకం పెట్టడానికి వేలిముద్ర వేస్తుంది. అంతకుముందు రెండేళ్లలో గుమ్మం దాటి లోపలికి రాలేదు. "టీచరుగారూ, మావాడు 3 కిలోలకు సరిగ్గానే చెప్పాడు. మూడున్నర కిలోలు అడిగితే తడబడ్డాడు. మూడింటికి నూట ఇరవై, అరకిలోకు ఇరవై, కలిపితే నూట నలభై అని నేనే చెప్పాను" అంది. భిన్నాలు నేను ఇంకా మొదలుపెట్టలేదు. ఆమె మొదలుపెట్టేసింది! చదువు రానివాళ్లకు బడి సంగతులు చెప్పి లాభమేమిటి అనుకునేవాళ్లు ఈ సంగతి కాస్త ఆలోచించాలి. ఆ రోజు నుంచి భిన్నాల పాఠం తక్కెడతోనే మొదలుపెడుతున్నాను. ఆ తక్కెడ ఆమె ఇచ్చిందే.

"ఇదంతా అదనపు పని కదండీ" అని కింద కామెంట్లలో రాస్తారని తెలుసు. అదనపు పని కానేకాదు. విద్యాహక్కు చట్టం, 2009 తీసి 24వ సెక్షన్ చూడండి. ఉపాధ్యాయుల విధుల్లో, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, నేర్చుకునే సామర్థ్యం, ప్రగతి గురించి తెలియజేయాలని స్పష్టంగా ఉంది. పాఠం చెప్పడం ఎంత విధో ఇదీ అంతే విధి. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ఇల్లు బడికి చుట్టం కూడా కాదు, పెళ్లివారే!

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. నాకు ఆ రోజులు ఇష్టం. ముగ్గులు, తోరణాలు, తల్లులకు పోటీలు, బడి కళకళలాడుతుంది. అయితే పెళ్లి ఒక్కరోజే. ఆ తర్వాతి రాకపోకలతోనే చుట్టరికం నిలబడుతుంది.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

సమావేశానికి రాలేనివాళ్లను దూరం పెట్టకండి. పెళ్లికి రాలేని పెద్దలకు అక్షింతలు, తాంబూలం ఇంటికి పంపిస్తాం కదా. అలాగే సమావేశంలో ఏం మాట్లాడుకున్నామో నాలుగు వాక్యాల్లో అదే రోజు పంపండి.

వాట్సాప్ గ్రూపులో టైపు చేసిన సందేశం కంటే మీ గొంతుతో అర నిమిషం ఆడియో మేలు. రాత్రి ఎనిమిది తర్వాత పంపితే ఫోను ఇంట్లో ఉంటుంది, పగలు అది తండ్రితో పాటు పనికి వెళ్తుంది. శుభోదయం బొమ్మలు ఆ గ్రూపులో వద్దు, అసలు కబురు వాటి కింద పూడిపోతుంది. ఒక పిల్లవాడి మార్కులు, తప్పులు అందరి ముందూ ఎప్పుడూ పెట్టకండి. ఫొటోలు పెట్టే ముందు ఇంటివాళ్లను అడగండి.

వలస వెళ్లిన తల్లిదండ్రులకు ఆదివారం సాయంత్రం పిల్లవాడితోనే ఫోను చేయించండి. వాడు శుక్రవారం కబురు చదివి వినిపిస్తాడు.

ఇక అందరూ అడిగేది, ఎక్కడ మొదలుపెట్టాలని.

[నోటుపుస్తకం తెరిచి చూపిస్తూ]

జూన్ 12న బడి తెరిచాక మొదటి వారంలో నేను చేసే పని ఇది. మొదటి గడిలో పిల్లవాడి పేరు, రెండో గడిలో ఫోను నంబరు. ఇంతవరకు మీ హాజరు పట్టీలోనూ ఉంటుంది. మూడో గడి చూడండి: "కబురు ఎవరికి చెప్పాలి, ఎప్పుడు దొరుకుతారు." పేర్లు కప్పేశాను, ఈ గడి ఒక్కటే చదువుతాను. నాయనమ్మ, పొద్దున్న పాల కేంద్రం దగ్గర. మేనమామ, ఫోను రాత్రి మాత్రమే. అమ్మ, చదవలేదు, చెప్తే మరచిపోదు.